కాలేజీ బాస్కెట్‌బాల్ మ్యాచ్‌కు ప్రివ్యూ రాయడం ఎలా? డ్యూక్–నార్త్ కరోలినా ఉదాహరణతో

జనవరి చివరికి వచ్చామంటే చాలు, అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రంలోని కేరీ, మోరిస్‌విల్ వైపు ఉండే మనవాళ్ల పిల్లలు అడిగే ప్రశ్న ఒకటే: "అన్నా, డ్యూక్–కరోలినా మ్యాచ్‌కి ప్రివ్యూ రాయాలి, ఎక్కడ మొదలెట్టాలి?" (రెండూ ఇక్కడి యూనివర్సిటీలే; కరోలినా అంటే యూనివర్సిటీ ఆఫ్ నార్త్ కరోలినా.) కొందరు కాలేజీ పత్రికకు రాస్తారు, కొందరు హైదరాబాద్‌లో ఉన్న కజిన్స్‌కి ఈ ఆట పిచ్చి ఎక్కించడానికి తెలుగులో రాస్తారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక నాకు అయిపోయింది. అందుకే అంతా ఒకచోట పెడుతున్నాను.

వీళ్లు పంపే మొదటి ప్రతి దాదాపు ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. మొదటి పేరాలో 'చిరకాల ప్రత్యర్థులు', రెండో పేరాలో రెండు జట్ల గత ఐదు ఫలితాలు, చివర్లో 'హోరాహోరీ తప్పదు'. చదివినవాడికి కొత్తగా తెలిసింది సున్నా. మ్యాచ్ ఏ విషయం దగ్గర తేలుతుందో ముందే చెప్పాలి, అది నిజమైందో లేదో మ్యాచ్ అయ్యాక చూసుకోగలిగేలా చెప్పాలి. ప్రివ్యూ అంటే నా లెక్కలో ఇంతే.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- రెండు జట్ల ఈ సీజన్ బాక్స్ స్కోర్లు, అంటే ఒక్కో మ్యాచ్ గణాంకాల పట్టికలు. రెండు యూనివర్సిటీల అథ్లెటిక్స్ సైట్లలోనూ ఈఎస్‌పీఎన్‌లోనూ ఉచితంగా దొరుకుతాయి.
- ప్రత్యర్థుల బలాన్ని బట్టి సరిచేసిన గణాంకాలు. కెన్‌పామ్ అనే సైట్‌కు చందా కట్టాలి. బార్ట్ టోర్విక్ నడిపే టీ-ర్యాంక్ ఉచితం, మన పనికి అది చాలు.
- ఒక్కో జట్టు ఆడిన చివరి రెండు మ్యాచ్‌ల వీడియో. హైలైట్లు కాదు, పూర్తి మ్యాచ్.
- నోట్‌బుక్, కాలిక్యులేటర్, మూడు నాలుగు గంటల తీరిక.

1. ఏ మ్యాచో ముందు తేల్చుకోండి

నవ్వకండి, సగం తప్పులు ఇక్కడే. పురుషుల మ్యాచా, మహిళలదా? పురుషులది 20 నిమిషాల చొప్పున రెండు భాగాలు. మహిళలది 2015–16 నుంచి పది నిమిషాల చొప్పున నాలుగు క్వార్టర్లు. ఫౌల్ లెక్క కూడా వేరు. పురుషుల ఆటలో ఒక భాగంలో ఏడో టీమ్ ఫౌల్ నుంచి 'వన్ అండ్ వన్' (ఫౌల్‌కు పరిహారంగా ఎవరూ అడ్డుపడకుండా వేసే షాట్ ఫ్రీ త్రో; మొదటిది పడితేనే రెండోది), పదో ఫౌల్ నుంచి నేరుగా రెండు. మహిళలకు క్వార్టర్‌లో ఐదో ఫౌల్‌కే రెండు. ఒకదాని గురించి రాస్తూ రెండోదాని రూల్ పెట్టేసినవాళ్లను చూశాను. రూల్స్ మారుతుంటాయి కాబట్టి ఆ సీజన్ రూల్ పుస్తకం ఓసారి తిరగేయండి.

తర్వాత వేదిక. డ్యూక్ వాళ్ల కామెరాన్ ఇండోర్ స్టేడియంలో 9,314 మంది పడతారు, అదీ విద్యార్థులు కోర్టు గీత పక్కనే నిలబడి అరుస్తుంటారు. పది మైళ్ల దూరంలో చాపెల్ హిల్‌లో ఉన్న కరోలినా వాళ్ల డీన్ స్మిత్ సెంటర్‌లో 21 వేలకు పైగా పడతారు. పెద్దది కదా, అక్కడే గోల ఎక్కువేమో అనుకుంటారు. రెండుచోట్లా కూర్చున్నవాడిగా చెబుతున్నాను, చెవులు గింగురుమనేది చిన్న గదిలోనే.

ఇండియాలో ఉన్నవాళ్ల కోసం రాస్తుంటే సమయం మార్చేటప్పుడు జాగ్రత్త. చలికాలంలో తూర్పు అమెరికాకూ మనకూ తేడా పదిన్నర గంటలు. మార్చి రెండో ఆదివారం గడియారాలు ముందుకు జరిపాక తొమ్మిదిన్నర. శనివారం సాయంత్రం 6:30 మ్యాచ్ అంటే ఫిబ్రవరిలో మనకు ఆదివారం తెల్లవారుజాము 5, మార్చి మధ్యలో 4. రోజు కూడా మారిందని రాయడం మర్చిపోకండి.

2. పట్టిక చదవండి, కానీ నమ్మేయకండి

ఈ రెండు జట్లూ ఏసీసీ (అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్) అనే కాన్ఫరెన్స్‌వి, అంటే కాలేజీల లీగ్. 2024లో స్టాన్‌ఫర్డ్, కాలిఫోర్నియా, ఎస్‌ఎంయూ వచ్చి చేరాక అందులో 18 జట్లయ్యాయి. అందరూ అందరితో రెండేసి సార్లు ఆడే రోజులు ఎప్పుడో పోయాయి. ఒక జట్టుకు బలహీనులు ఎక్కువ తగలొచ్చు, ఇంకో జట్టుకు గట్టివాళ్లు రెండేసి సార్లు తగలొచ్చు. అందుకే కాన్ఫరెన్స్‌లో 8–3 (ఎనిమిది గెలుపులు, మూడు ఓటములు) అని ఉన్న జట్టు, 7–4 అని ఉన్నదానికంటే మెరుగని రాసేయకండి. ఓడింది ఎవరి చేతుల్లో, ఎక్కడ? ఆ రెండూ చూడండి.

ఒక చిన్న చిక్కు. 'ఏపీ పోల్‌లో నాలుగో ర్యాంకు' అని తెలుగులో రాస్తే సగం మంది ఆంధ్రప్రదేశ్ అనుకుంటారు. అది అసోసియేటెడ్ ప్రెస్. వారం వారం విలేఖరులు వేసే ఓట్లు, అంతకుమించి ఏమీ లేదు. మార్చిలో జరిగే జాతీయ టోర్నమెంటుకు ఎంపిక చేసే కమిటీ చూసేది కాలేజీ క్రీడలను నడిపే ఎన్‌సీఏఏ సొంత ర్యాంకింగ్ 'నెట్' (పురుషులకు 2018–19 నుంచి). అందులో టాప్ 30 జట్టును సొంత కోర్టులో ఓడించినా, టాప్ 75 జట్టును వాళ్ల కోర్టుకు వెళ్లి ఓడించినా రెండూ 'క్వాడ్ వన్' గెలుపులే. పరాయి కోర్టులో గెలవడం ఎంత కష్టమో ఆ ఒక్క నిబంధన చెబుతుంది.

3. నాలుగు లెక్కలు వేయండి

పాయింట్ల సగటు పక్కన పెట్టేయండి. మ్యాచ్‌కు 82 పాయింట్లు చేసే జట్టు బాగా ఆడుతూ ఉండొచ్చు, ఊరికే పరుగులు పెడుతూ ఉండొచ్చు. ముందు పొసెషన్లు లెక్కేయాలి, అంటే బంతి ఎన్నిసార్లు వాళ్ల చేతికొచ్చిందో:

షాట్లు − అఫెన్సివ్ రీబౌండ్లు + టర్నోవర్లు + (0.475 × ఫ్రీ త్రోలు)

అఫెన్సివ్ రీబౌండ్ అంటే తమ మిస్సైన షాట్‌ను తామే తిరిగి పట్టడం, టర్నోవర్ అంటే షాట్ వేయకుండానే బంతి పోగొట్టుకోవడం. చేత్తో ఒకటి చేసి చూద్దాం, అంకెలు ఉదాహరణకే. ఒక జట్టు 60 షాట్లు వేసి 27 కొట్టింది, అందులో 9 త్రీలు (దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు). ఫ్రీ త్రోలు 20కి 15. మొత్తం 78 పాయింట్లు. అఫెన్సివ్ రీబౌండ్లు 10, టర్నోవర్లు 12. పొసెషన్లు: 60 − 10 + 12 + 9.5 = 71.5. అంటే 100 పొసెషన్లకు 109 పాయింట్లు.

ఇప్పుడు ఆ 109 ఎలా వచ్చిందో విప్పండి. ఈ నాలుగింటినీ ఒకచోట చేర్చి చూపినవాడు బాస్కెట్‌బాల్ గణాంకాల నిపుణుడు డీన్ ఆలివర్:

- షూటింగ్: త్రీకి అదనపు విలువ ఇస్తే (27 + 4.5) ÷ 60, అంటే 52.5 శాతం.
- టర్నోవర్లు: 12 ÷ 71.5, దాదాపు 17 శాతం. బంతి చేతికొచ్చిన ప్రతి ఆరోసారీ షాట్ లేకుండానే పోయిందన్నమాట.
- అఫెన్సివ్ రీబౌండ్లు: తమ జట్టు మిస్సుల్లో మళ్లీ తామే పట్టినవి. ప్రత్యర్థి 25 పట్టి ఉంటే 10 ÷ 35, సుమారు 29 శాతం.
- ఫ్రీ త్రో రేటు: 20 ÷ 60, అంటే 33 శాతం. కొట్టినవి కాదు, సంపాదించినవి.

ఈ నాలుగూ రెండు జట్లకూ రాయండి. అఫెన్స్‌కు (బంతి తమ చేతిలో ఉన్నప్పుడు) ఒకసారి, డిఫెన్స్‌కు (ఎదుటివాళ్ల చేతిలో ఉన్నప్పుడు) ఒకసారి. తర్వాత ఒక జట్టు అఫెన్స్ వరుసను రెండో జట్టు డిఫెన్స్ వరుస పక్కన పెట్టండి. చాలామంది అఫెన్స్ పక్కన అఫెన్స్ పెట్టి 'వీళ్లు బాగా షూట్ చేస్తారు, వాళ్లు ఇంకా బాగా షూట్ చేస్తారు' అంటారు. కోర్టులో అఫెన్స్‌కు ఎదురుపడేది అఫెన్స్ కాదు కదా!

హెచ్చరిక: కాన్ఫరెన్స్ మ్యాచ్‌లవి విడిగా లెక్కేయండి. నవంబరు, డిసెంబరుల్లో పెద్ద జట్లు చిన్న కాలేజీలను ఇంటికి పిలిచి 40 పాయింట్ల తేడాతో ఓడిస్తాయి. ఆ అంకెలు కలిసిపోతే అందరూ వీరులే. మరీ కాన్ఫరెన్స్ సీజన్ మొదట్లో నాలుగే మ్యాచ్‌లు అయి ఉంటే మాత్రం టీ-ర్యాంక్ సరిచేసిన అంకెలే వాడండి, నాలుగు మ్యాచ్‌ల సగటుకు అర్థం తక్కువ.

4. వేగం ఎవరి చేతిలో ఉంటుంది?

పొసెషన్లు తక్కువైతే బలహీన జట్టుకు ఆశ ఎక్కువ. దీనికి ఈ జంటలోనే ఒక వింత ఉంది. 1979 ఫిబ్రవరి 24న కామెరాన్‌లో కోచ్ డీన్ స్మిత్ జట్టు కరోలినా బంతి పట్టుకుని ఊరికే తిప్పుతూ కూర్చుంది. సగం మ్యాచ్ అయ్యేసరికి స్కోరు డ్యూక్ 7, కరోలినా 0. అవును, సున్నా. రెండో భాగంలో ఇద్దరూ మామూలుగా ఆడి చెరో 40 చేశారు, డ్యూక్ 47–40తో గెలిచింది. అప్పట్లో షాట్ క్లాక్ (ఇన్ని సెకన్లలో షాట్ వేసి తీరాలన్న గడువు) లేదు. 1985–86లో 45 సెకన్లతో వచ్చింది, 2015–16 నుంచి పురుషులకు 30.

ఇప్పుడు అంత ఆలస్యం చేయలేరు గానీ 64 పొసెషన్ల మ్యాచ్‌కూ 74 పొసెషన్ల మ్యాచ్‌కూ చాలా తేడా ఉంది. రెండు జట్ల సగటూ చూసి మధ్యలో ఒక అంకె వేసుకోండి. తర్వాత ఒక మాట అడగండి: నెమ్మదిగా ఆడాలనుకునే జట్టు టర్నోవర్లు ఎక్కువ చేస్తుందా? చేస్తే వేగం దాని చేతిలో ఉండదు.

5. ఎవరు ఆడుతున్నారు?

ఇది చివర్లో చేస్తే ముందు చేసిందంతా బూడిదలో పోసిన పన్నీరు. నాకు జరిగింది చెబుతాను. ఓసారి ఒక జట్టు పాయింట్ గార్డ్ (బంతి పట్టుకుని ఆట నడిపించేవాడు) చుట్టూ నాలుగు పేరాలు అల్లాను. టీవీ పెట్టేసరికి అతను సూటు వేసుకుని, కాలికి పెద్ద బూటు తగిలించుకుని బెంచ్ మీద కూర్చున్నాడు. చీలమండ బెణికిన సంగతి ముందురోజు కోచ్ ప్రెస్ మీట్‌లోనే చెప్పాడట. నేను వినలేదు. అప్పటినుంచి ప్రెస్ మీట్ వినకుండా ఒక్క పేరు కూడా రాయను. ఇప్పుడు కొన్ని కాన్ఫరెన్స్‌లు మ్యాచ్‌కు ముందు ఎవరు ఆడతారో, ఎవరిది సందేహమో జాబితా ఇస్తున్నాయి. మీ కాన్ఫరెన్స్ ఇస్తుంటే మ్యాచ్ రోజు కూడా మళ్లీ చూడండి.

అయినా అన్నీ మన చేతిలో ఉండవు. 2019 ఫిబ్రవరి 20న దేశమంతా డ్యూక్ స్టార్ జయన్ విలియమ్‌సన్‌ను చూడటానికి కూర్చుంటే, మ్యాచ్ మొదలై నిమిషం గడవకముందే అతని షూ చిరిగి మోకాలు మెలిపడింది. నంబర్ వన్ డ్యూక్ సొంత కోర్టులో కరోలినా చేతిలో 88–72తో ఓడిపోయింది. అలాగని స్టార్ లేకపోతే ఓటమే అని కూడా రాయకండి. 2025 మార్చి 14న షార్లట్‌లో కరోలినాతో ఏసీసీ సెమీఫైనల్లో చీలమండ గాయంతో డ్యూక్ స్టార్ కూపర్ ఫ్లాగ్ ఆడలేదు, అయినా డ్యూక్ 24 పాయింట్ల ఆధిక్యం దాకా వెళ్లింది. తర్వాత అదంతా దాదాపు కరిగిపోయి 74–71తో బయటపడిందనుకోండి. చివరి సెకన్లలో కరోలినాకు స్కోరు సమం చేసే ఫ్రీ త్రో పడింది కూడా, సహచరుడొకడు ముందుగా గీత దాటడంతో అది చెల్లలేదు. అలాంటివి ఏ ప్రివ్యూకూ అందవు.

అందుకే స్టార్ పేరు కాకుండా నిమిషాలు రాయండి. లేనివాడి 32 నిమిషాలు ఎవరికి పోతాయి? ఆ వచ్చేవాడు చేయలేని పని ఏది?

ఇంకోటి, ట్రాన్స్‌ఫర్లు. పోర్టల్ (కాలేజీ మారాలనుకునే ఆటగాళ్లు పేరు నమోదు చేసుకునేది) వచ్చాక ప్రతి ఏడాదీ సగం జట్టు కొత్తగా కనిపిస్తుంది. 'గత ఏడాది వీళ్లు మూడుసార్లు ఓడించారు' అని రాసేముందు ఆ ఓడించినవాళ్లలో ఇప్పుడు ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టండి.

6. వీడియో చూడండి, కానీ ఒకే ప్రశ్నతో

మొత్తం చూసి మొత్తం రాసుకోవాలనుకుంటే ఏమీ మిగలదు. మొదటిసారి చేసేవాళ్లకు నేను ఒకటే పని చెబుతాను: బంతి ఉన్న గార్డ్‌కు స్క్రీన్ పెట్టినప్పుడల్లా (అంటే సహచరుడు అడ్డుగా నిలబడి అతని డిఫెండర్‌ను ఆపినప్పుడల్లా) పాజ్ కొట్టండి. స్క్రీన్ పెట్టినవాణ్ని కాస్తున్న పొడుగాటి డిఫెండర్ ఏం చేశాడు? వెనక్కి జారి రింగ్ కింద నిలబడ్డాడా? బంతి మీదికి ఉరికాడా? లేక ఇద్దరు డిఫెండర్లూ మనుషుల్ని మార్చుకున్నారా? మూడు గడులు గీసి గీతలు పెట్టుకోండి. ఇరవై గీతలు అయ్యేసరికి జట్టు అలవాటు కనిపిస్తుంది.

వెనక్కి జారే జట్టు మీద, డ్రిబుల్ చేస్తూనే త్రీ కొట్టగల గార్డ్ ఉంటే పండగే. ఉరికే జట్టు మీద, చురుగ్గా పాస్ ఇచ్చే పెద్ద ఆటగాడు కావాలి. ఎదుటి జట్టులో ఆ మనిషి ఉన్నాడా లేడా? మీ ప్రివ్యూ గుండెకాయ అక్కడే దొరకొచ్చు.

టైం లేకపోతే ప్రతి భాగంలో మొదటి నాలుగు నిమిషాలు చాలు. టీవీ టైమవుట్ వచ్చేలోపు కోచ్ ఇంట్లో వేసుకొచ్చిన ప్లాన్ నడుస్తుంది, ఆ తర్వాత దిద్దుబాట్లు.

7. ఇది రెండో మ్యాచ్ అయితే

కాన్ఫరెన్స్ ప్రత్యర్థులతో తమాషా ఇదే. ఆరు వారాల్లో మళ్లీ ఎదురుపడతారు, ఒకరి ఎత్తులు ఒకరికి కంఠతా వచ్చేసి ఉంటాయి. మొదటి ఫలితాన్ని కాపీ కొట్టేవాళ్లకు 2022ను చూపిస్తాను. ఫిబ్రవరి 5న డ్యూక్ చాపెల్ హిల్ వెళ్లి 87–67తో చితక్కొట్టింది. నాలుగు వారాలకు, మార్చి 5న, కామెరాన్‌లో డ్యూక్ కోచ్ మైక్ షషెఫ్‌స్కీ చివరి హోమ్ మ్యాచ్. ఎంతోమంది పాత శిష్యులు వచ్చి కూర్చున్నారు, వీడ్కోలు సభ సిద్ధంగా ఉంది. కరోలినా 94–81తో గెలిచింది, నలుగురు స్టార్టర్లు (మ్యాచ్ మొదలుపెట్టే ఐదుగురిలోవాళ్లు) తలా కనీసం 20 చేశారు. మళ్లీ నెల తిరక్కుండా ఫైనల్ ఫోర్‌లో (ఎన్‌సీఏఏ టోర్నమెంటు సెమీఫైనల్లో) 81–77తో ఇంకోసారి. ఆ రెండు జట్లూ ఎన్‌సీఏఏ టోర్నమెంటులో తలపడటం అదే మొదటిసారి.

మరి మొదటి మ్యాచ్ నుంచి ఏం తీసుకోవాలి? ఎన్ని త్రీలు పడ్డాయన్నది కాదు, ఎన్ని వేశారు, ఎంత ఖాళీగా దొరికాయి అన్నది. ఒక జట్టు 25కి 4 కొడితే రెండోసారీ అలాగే కొడుతుందనుకోవడం పొరపాటు. రీబౌండ్లలో నలిగిపోవడం, టర్నోవర్లు, పెద్ద ఆటగాడు తొందరగా ఫౌల్ చిక్కుల్లో పడటం వంటివి మళ్లీ జరిగే అవకాశం ఎక్కువ. వాటిమీద కన్నేయండి.

8. ఒక్క ప్రశ్న రాయండి

ఇంతా చేశాక మీ నోట్సులో పది విషయాలుంటాయి. తొమ్మిది కొట్టేయండి, బాధగా ఉంటుంది గానీ కొట్టేయండి. మిగిలినది ఇలా ఉండాలి: 'కరోలినా తన మిస్సుల్లో మూడో వంతు తిరిగి పట్టుకుంటోంది, డ్యూక్ ప్రత్యర్థులకు నాలుగో వంతు కూడా వదలదు. ఈ రాత్రి ఆ అంకె 30 శాతం దాటుతుందా?' (అంకెలు మళ్లీ ఉదాహరణకే.) 'ఎవరు ఎక్కువ కసిగా ఆడతారు?' అన్నది ప్రశ్న కాదు. కసికి బాక్స్ స్కోర్‌లో గడి లేదు.

9. స్కోరు చెప్పండి

గోడ మీద పిల్లిలా ఉండకండి. లెక్క తేలికే. ఎ జట్టు 100 పొసెషన్లకు 115 చేస్తుంది, బి జట్టు 98 ఇస్తుంది, సగటు జట్టు అంకె 106 అనుకుందాం. ఎ అంచనా: 115 + 98 − 106 = 107. అలాగే బి అఫెన్స్ 110, ఎ డిఫెన్స్ 100 అయితే: 110 + 100 − 106 = 104. వేగం 68 పొసెషన్లు అనుకుంటే 72.8, 70.7. ఎ రెండు పాయింట్లు పైన.

ఇక సొంత కోర్టు. దానికి మూడు పాయింట్లు ఇవ్వడం రివాజు, అటూ ఇటూ ఒకటిన్నర. మ్యాచ్ బి ఇంట్లో అయితే ఎ 71, బి 72. చూశారా, మెరుగైన జట్టు కూడా ఓడేలా తేలింది! ఈ మూడు పాయింట్లు మర్చిపోవడం నేను చూసే తప్పుల్లో రెండోది. మొదటిది, టీ-ర్యాంక్ సైటే సొంత కోర్టు కలిపి ఇచ్చిన అంచనాకు మళ్లీ మూడు కలపడం.

మీ తేడాకూ సైట్ల అంచనాకూ ఏడెనిమిది పాయింట్ల దూరం వస్తే మీరు మేధావి అయ్యుండొచ్చు. కానీ ముందు గాయాల జాబితా ఇంకోసారి చూడండి.

10. రాసే వరుస

మొదటి వాక్యంలోనే ప్రశ్న. తర్వాత దాన్ని నిలబెట్టే రెండు అంకెలు, వీడియోలో మీరు చూసిన ఒక దృశ్యం. ఆపైన ఎవరు ఆడుతున్నారో. వేదిక, సమయం, ఛానెల్ విడిగా ఒక డబ్బాలో. చివర స్కోరు. ఆరేడు వందల మాటలు చాలు. చరిత్ర ఒక్క పేరా మించొద్దు, ఆ పేరా కూడా ఈ రాత్రి మ్యాచ్‌కు పనికొస్తేనే. పైన నేను చెప్పిన 1979 కథ మీ ప్రివ్యూలో పెట్టకండి, అది నా సరదా.

మ్యాచ్ అయ్యాక

మర్నాడు బాక్స్ స్కోర్ తీసి అవే నాలుగు లెక్కలు మళ్లీ వేయండి. మీ ప్రశ్నకు జవాబు ఏమొచ్చింది? జవాబు ఎటు వస్తే మ్యాచ్ అటే పోయిందా? విజేతను తప్పు చెప్పినా ప్రశ్న సరైనదైతే ప్రివ్యూ బాగున్నట్టే. విజేతను సరిగ్గా చెప్పి, మ్యాచ్ తేలింది ఇంకెక్కడో అయితే మీది గుడ్డెద్దు చేలో పడటం. తేదీ, మీ ప్రశ్న, మీ స్కోరు, అసలు స్కోరు ఒక షీట్‌లో వేసుకుంటూ పోండి. పది వరుసలు నిండాక తేడాలన్నీ ఒకే వైపు ఉన్నాయేమో చూడండి. నా షీట్‌లో కరోలినాకు ఎప్పుడూ నాలుగు పాయింట్లు ఎక్కువే ఇచ్చాను. నేను చదివింది అక్కడే లెండి.